మంగళ, శుక్రవారాల కాపలా

అరబ్బు దేశంలోని హుఫూఫ్‌లో మా ఖర్జూరాల గోదాము గేటు దగ్గర కాపలా ఉండేది మా కడప జిల్లా మామ. చుట్టరికం ఏమీ లేదు. మా సీమ మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, మీసం తెల్లబడింది. ఇంకేమని పిలుస్తాను? పటాలంలో హవల్దారుగా రిటైరై ఇక్కడికి వచ్చాడు. సర్వీసులో ఉండగా ఒక ఏడాది ఆయన్ని ఆఫ్రికా పంపారట, లోకంలోని దేశాలన్నీ కలిసి పంపే శాంతి సేనలో. రెండు పక్షాలు కాల్చుకుంటుంటే మధ్యలో నిలబడే సైన్యం అది. నెత్తిన నీలం హెల్మెట్టు పెట్టుకుని దిగిన ఫొటో ఇప్పటికీ ఆయన ఫోనులో ఉంది.

"మామా, ఇద్దురు కొట్టుకుంటాంటే మధ్యలో నిలబడినోనికే గదా మొదటి దెబ్బ?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"దెబ్బ తగిల్తే బాగుండురా అబ్బీ. చూస్తా నిలబడేదే కష్టం" అనేవాడు. అదేదో పెద్దవాళ్ళ మాటలే అనుకుని నేను ఇంకో జోకు వెతుక్కునేవాణ్ణి.

నా పని పికప్పు నడపడం. తోటల నుంచి పెట్టెలు తెచ్చి గోదాములో దించాలి. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారు నన్నూ, నేను బడినీ ఒకేరోజు వదిలేశాం. అరబ్బీ మాత్రం డ్రైవరు సీట్లో కూర్చునే నేర్చుకున్నాను, తిట్లు ముందు, మర్యాదలు తర్వాత. గోదాములో ఖర్జూరాలు ఏరి రకాలుగా వేరుచేసే సూడాన్ మనిషి ఒకడున్నాడు. గుమ్మంలోకి తల వంచి రావాల్సినంత పొడుగు. అతన్ని అందరం "జోల్" అంటాం. సూడాన్ వాళ్ళు ఒకరినొకరు అట్లా పిలుచుకుంటారు, మనం "ఏమప్పా" అన్నట్టు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక గేటు దగ్గర ముగ్గురం టీ తాగేవాళ్ళం. మామకు అరబ్బీ రాదు. జోల్‌కు తెలుగూ రాదు, హిందీ రాదు. వాళ్ళిద్దరి స్నేహం నా నోటి మీద నడిచేది. ఆ నోరు ఎట్లాంటిదో నాకు తెలుసు. "టీలో చక్కెర ఎక్కువైంది" అని మామ అంటే, "నీకు తన కూతుర్నిస్తానంటున్నాడు" అని చెప్పేవాణ్ణి. జోల్ పడీపడీ నవ్వేవాడు. చక్కెరకు అంత నవ్వెందుకో తెలియక మామ కూడా నవ్వేవాడు. నేను కలిపినదీ తీసేసినదీ ఎవరికీ తెలిసేది కాదు. దాంతో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, ఆ రోజు దాకా.

ఆ రోజు జోల్ టీ ముట్టుకోలేదు. అతని భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ముసలి తల్లి సూడాన్ పడమటి వైపు ఒక ఊళ్ళో ఉన్నారు. యుద్ధం ఆ ఊరి అంచుదాకా వచ్చింది. భార్య అన్న ఒక లారీలో చోటు సంపాదించాడు. మర్నాడు పొద్దున బయల్దేరి సరిహద్దు దాటాలి. తల్లి ఆ దారికి తట్టుకోలేదు. ఇంతలో శాంతి సేన వస్తోందని ఊళ్ళో పుకారు. వెళ్ళాలా, ఉండాలా, నువ్వే చెప్పమని భార్య వాయిస్ మెసేజి పెట్టింది.

"ఈయన ఆ నీలం టోపీ పెట్టుకున్నవాడు కదా. అడుగు. వాళ్ళు వస్తే మావాళ్ళకు ఏమీ కాదా?" అన్నాడు జోల్.

అడిగాను. మామ గ్లాసు కింద పెట్టాడు.

"మా పోస్టు పక్కనే పెద్ద క్యాంపు, ఊర్లొదిలి వచ్చినోళ్ళది. ఆడోళ్ళు వంటచెరుక్కు అడివికి పోవాల. పోతే తుపాకులోళ్ళు ఎత్తకపోతాండ్రి. అందుకని మంగళారం, శుక్రారం మేము బండ్లేసుకోని వాళ్ళ ఎంబడి పోతాంటిమి. మేము పోయిన దినం ఒక్క ఆడమనిషికి గూడా ఏమీ కాలేదురా. సత్యంగా చెప్తాండా."

నేను చెప్పాను. సగం చెప్పేసరికే జోల్ చెయ్యి గుండె మీదికి పోయింది. "అల్‌హమ్దులిల్లా" అన్నాడు. నెలల తర్వాత ఆ ముఖం మామూలు ముఖంలా కనబడింది.

మామ ఆగలేదు. "ఆ దినాలేవో ఆ తుపాకులోళ్ళకూ తెలిసిపాయ. బుధారం వస్తాండ్రి. ఆ దినం గేటు దాటొద్దని మాకు పైనుంచి ఆర్డరు. పొయ్యిలోకి పుల్ల లేనిది శుక్రారం దాకా ఎట్ల ఆగతాది? మమ్మల్ని నమ్ముకోని, దూరం పోవాల్సినోళ్ళు గూడా ఆడనే ఉండిపోయిరి. ఏడాది కాంగానే మాకు టిక్కెట్టు వచ్చె, వాళ్ళకు రాలే. మేము లేకుంటే ఆ రెండు దినాలు గూడా ఉండవు, అదీ నిజమే. కానీ మేమొస్తామని మాత్రం కూసోవద్దని చెప్పు ఆయప్పకు."

"ఏమంటున్నాడు?" అన్నాడు జోల్, ఇంకా ఆ ముఖంతోనే.

"మంచి సిపాయిలంట. టీ కూడా బాగా పెట్టేవాళ్ళంట" అన్నాను.

జోల్ నవ్వాడు. మామ నా వైపు చూశాడు. "నవ్వుతాండాడేమిరా?"

"నీ మీసం చూసి, మామా."

ఆ నవ్వు ఇంకొంచెం సేపు ఉండనీ అనుకున్నాను. జోల్ లేచి గోడ పక్కకు పోయి ఫోనులో మాట్లాడాడు. నా అరబ్బీకి అందినంత అందింది: "ఉండండి. అమ్మను చూసుకో. సైన్యం వస్తుంది."

నేను బండెక్కి తోటకు పోయాను. చెప్పని ఆ రెండో సగం కూడా నాతోపాటే బండెక్కింది. అప్పుడే వెనక్కి తిప్పాల్సింది. తిప్పలేదు. పొద్దున చెబుదాంలే అనుకున్నాను.

పొద్దున ఖర్జూరాల బల్ల దగ్గర జోల్‌కు మొత్తం చెప్పాను, బుధవారం సంగతితో సహా. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చేతి తొడుగులు తీసి, మడిచి బల్ల మీద పెట్టి, ఫోను తీశాడు. కలవలేదు. మళ్ళీ చేశాడు. "వెళ్ళిపోండి" అని పెట్టిన మెసేజికి ఒక్క టిక్కు పడింది. రెండోది పడలేదు.

మామకు నేనే చెప్పుకున్నాను. ఆయన గేటు రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు.

"నేనన్నా పైనోని ఆర్డరుకు నోరు మూసుకుంటి. నీకెవుడిచ్చినాడురా ఆర్డరు?"



నాలుగో రోజు సరిహద్దు అవతల నుంచి జోల్ భార్య అన్న ఫోను చేశాడు. పిల్లలిద్దరూ తన దగ్గరే ఉన్నారట. భార్య వాళ్ళను లారీ ఎక్కించి, తాను అత్త దగ్గర ఆగిపోయింది. "సైన్యం వస్తుందని ఆయన చెప్పాడు కదా, నాకేం భయం" అందట. తర్వాత ఆ ఊరితో ఎవరికీ ఫోను కలవలేదు. నేను మొత్తం చెప్పి ఉన్నా ఆమె ముసలామెను వదిలి వెళ్ళేది కాదేమో. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. జోల్‌కు చెప్పే ధైర్యం రాలేదు.

సైన్యం ఇంకా రాలేదు. ఎక్కడో ఏదో హాల్లో దాని గురించి మాట్లాడుతున్నారని వార్తల్లో చెబుతున్నారు.

టీ మానలేదు మేము. నిన్న మామ "ఈ పొద్దు గాలి ఎక్కువుండాది" అన్నాడు. గాలి ఎక్కువగా ఉందంటున్నాడని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంతేనా?" అన్నాడు జోల్.

"అంతే."

"ఇంకేమీ అనలేదా?"

"లేదు, జోల్. గాలి గురించే."

ఈ మధ్య నేను మాట్లాడుతుంటే అతను నా వైపు చూడడు, మామ పెదవుల వైపు చూస్తాడు. అవి పూర్తిగా ఆగాయని నమ్మకం కుదిరాకే టీ గ్లాసు ఎత్తుతాడు.