ఆపదల జాబితాలో వాన

ఉద్యోగమంటే కుర్చీ ఉంటుందనీ, కుర్చీ ఉంటే ఇక పెద్దగా పనేమీ ఉండదనీ నేనూ నమ్మిన కాలం ఒకటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అనంతపురం వైపు ఒక మెడికల్ కాలేజీలో, ఊపిరితిత్తుల విభాగం పెద్దసారు దగ్గర సహాయకుడిగా చేరాను. కుర్చీ ఇచ్చారు గానీ దానికి ఒక చెయ్యి లేదు. (చేతకానివాడికి చెయ్యి లేని కుర్చీ చాలుననుకుని ఉంటారు.) ఒక పెద్ద మందుల కంపెనీ తన కొత్త ఉబ్బసం మందును మా రోగుల మీద పరీక్షించాలనుకుంది. దానికి ముందు కాలేజీకీ కంపెనీకీ మధ్య ఒప్పందం కుదరాలి. బొంబాయిలో ఉన్న కంపెనీ వకీలమ్మ ఫ్యాక్సులో పంపిన కాగితాలు చదవడం, పెద్దసారు అభ్యంతరాలను నా ఇంగ్లీషులో పెట్టి తిరిగి పంపడం, ఇదీ నా పని. ఒప్పందమంటే ఇద్దరూ ఒప్పుకోవడమనుకుని చేరాను. ఇద్దరూ మర్యాదగా ఒప్పుకోకుండా ఎంతకాలం ఉండగలరో చూసుకోవడమని చేరాక తెలిసింది.

ఫలితాలు ఎవరి సొత్తు, పత్రికలో ఎవరు ప్రకటించాలి, తగాదా వస్తే ఏ ఊరి కోర్టుకు పోవాలి అని నెలల తరబడి నడిచింది. మేము ఒక మాట కొట్టేస్తే ఆమె రెండు మాటలు చేర్చేది. వేసవిలో కరెంటు ఏ క్షణాన పోతుందో తెలియదు కాబట్టి, ఒక్కోసారి సగం వాక్యం మా దగ్గరా సగం వాక్యం బొంబాయిలోనూ ఉండిపోయేవి. మిగతా సగం కోసం చెమటలు కక్కుతూ ఆ ఫ్యాక్సు మిషను ముందు కూర్చుని కూర్చుని, అది కూత పెడితే లేచి నిలబడే అలవాటు కూడా అయింది నాకు.

అన్నీ ఒక కొలిక్కి వచ్చాయనుకున్న వారంలో, పరీక్షలో చేరడానికి వచ్చినవాళ్ళకు నేను నియమాలు చదివి వినిపిస్తున్నాను. పీల్చే మందు ఊరికే ఇస్తారు. సగం మందికి కొత్తది, సగం మందికి పాతది. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. (నాకూ తెలియదు గానీ, అది నియమం వల్ల కాదు, స్వభావం వల్ల.) చెప్పిన తేదీకి తప్పకుండా రావాలి, రాకపోతే పేరు తీసేసి మందు వెనక్కి తీసుకుంటారు. అప్పుడు బెంచీ చివర కూర్చున్న ఒక రైతు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనది యాడికి. (బస్సులో కండక్టరు "యాడికి?" అంటే "యాడికే" అని జవాబు చెప్పే ఊరు.) నాలుగడుగులు వేస్తే పిల్లికూతలు వినిపించే ఊపిరి ఆయనది. అంతకుముందు ఏడాది విత్తనం వేసే గొర్రు వెంట నడవలేక సగం చేను బీడు పెట్టుకున్నాడట.

"మీరు చెప్పిన దినం వస్తానప్పా. వానొస్తే మాత్రం రాను. చెనిక్కాయ ఇత్తనం ఏసుకోవల్ల గదా. నేల పదును ఆరిపోతే మల్లా వాన ఎప్పుడొస్తాదో ఎవురికి తెల్సు?"

బెంచీ మీదివాళ్ళంతా, వాళ్ళూ వేరుశనగ రైతులే, తలలూపారు. నాకిదొక లెక్కలోకి వచ్చే విషయంగా తోచలేదు. లోపలికెళ్ళి పెద్దసారుకు చెబితే ఆయన మాత్రం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊపిరాడితే చేనికి పోతాడు. చేనికి పోతే మనకాడికి రాడు. రాకుంటే ఊపిరాడే మందు ఎనక్కి తీసుకోమంటాండారు. ఇదేం ఒప్పందమప్పా?"

ఒప్పందంలో ఆపదల క్లాజు ఒకటుంది. ఎవరి చేతుల్లోనూ లేని కారణం వల్ల రోగి రాలేకపోతే పేరు తీసెయ్యరు, తేదీ మారుస్తారు. ఆ జాబితాలో వరద, భూకంపం, యుద్ధం, అల్లర్లు ఉన్నాయి. ఎక్కడి కాగితం నుంచి దిగిందో గానీ మంచు తుఫాను కూడా ఉంది. దాంట్లో వానను చేర్చు, చేర్చకపోతే నేను సంతకం పెట్టను అన్నాడు పెద్దసారు. నేను చేర్చి పంపాను. వకీలమ్మ మంచి మనిషి. నేనేదో పొరపాటు పడ్డాననుకుని, వాన కొట్టేసి కరువు అని దిద్ది పంపింది. నేను మళ్ళీ వాన అని రాశాను. ఆమె మళ్ళీ కరువు అంది. ఇలా కొన్నాళ్ళు వానా కరువూ మా ఇద్దరి మధ్య వంతులేసుకుని తిరిగాయి.

చివరికి ఆమే ఫోన్ చేసింది. మీ జిల్లాకు ఆపద కరువు కదా అని ఓపిగ్గా అడిగింది. పక్కనుంచి పెద్దసారు అందించిన మాటనే ఇంగ్లీషు చేసి చెప్పాను: "కరువుకు మేం అలవాటు పడినాం మేడమ్. వానకే అలవాటు లేదు." అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత భారీ వర్షం అని పెడదామంది. కాదు, మామూలు వానే అన్నాను. మామూలంటే ఎంత అంది. విత్తనం వెయ్యడానికి పదును అయ్యేంత అన్నాను. దాన్నెవరు తేలుస్తారంది. అలా, వాన విత్తడానికి సరిపడా కురిసిందని ఊపిరితిత్తుల డాక్టరు ధ్రువీకరించాలన్న షరతుతో ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. మంచు తుఫాను గురించి మాత్రం ఇరుపక్షాలకూ ఏ అభ్యంతరమూ లేకపోయింది.

ఆ ఏడు మబ్బులు వచ్చాయి, చూశాయి, గాలితో పాటు తూర్పు వైపు వెళ్ళిపోయాయి. మా రోగులు మాత్రం ఒక్క తేదీ తప్పలేదు. ఏడాది చివర్లో కంపెనీ మనిషొచ్చి, ఇంత క్రమంగా రోగులొచ్చే చోటు తాము ఇంకెక్కడా చూడలేదని పెద్దసారుకు శాలువా కప్పాడు. పెద్దసారు దాన్ని మడిచి బీరువాలో పెట్టి, "వాళ్ళకు థాంక్సు చెప్పి ఒక ఫ్యాక్సు పంపప్పా" అన్నాడు. వాన కోసం అంత ఇంగ్లీషు రాసిన నాకు ఆ రోజు ఒక్క వాక్యం కుదరలేదు.

వరండాలో యాడికి పెద్దాయన, ఎప్పట్లాగే నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఎట్లుంది పెద్దాయనా అని అడిగాను. మందు పీల్చి, మేము నేర్పినట్టే కాసేపు ఊపిరి బిగబట్టి, మెల్లగా వదిలాడు.

"ఊపిరి బాగుండాదప్పా. గొర్రు పట్టుకుంటే సాయంత్రం దాకా నడుస్తా. ఇత్తనం ఏసేదానికే వాన లేకపాయ."

ఆ తర్వాత చాలా ఒప్పందాలు రాశాను, ఇప్పుడు రెండు చేతులూ ఉన్న కుర్చీలోనే కూర్చుంటున్నాను. కానీ ఆ ఏడాది మాత్రం చాలా రోజులు, ఎవరికీ చెప్పకుండా, ఒకటే బెంగ పడ్డాను. భూకంపానికీ యుద్ధానికీ పక్కన నిలబెట్టామని వాన అలిగిందేమోనని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మా ఫ్యాక్సులు వాన కూడా చదువుతుందనుకున్నానంటే, ఎంత చిన్నవాణ్ణో అప్పుడు.