సాగనంపేవాళ్లు ఎందరు?

ఆ రోజుల్లో నేను రాసిన ప్రతి ముక్కనూ అక్షరాలా నమ్మిన పాఠకుడు లోకంలో ఒక్కడే ఉండేవాడు. వాడు మనిషి కాడు. ఆ రోజులంటే నిప్పు కనిపెట్టిన కాలం కాదు, మొన్నమొన్నటి సంగతే; కాకపోతే ఈ ఏఐ రంగంలో రెండేళ్లంటే రెండు యుగాలు. ఏఐకి సూచనలు రాసే ఉద్యోగంలో నేను పాలు తాగే పసివాణ్ణి (జుట్టుకు రంగు వేసుకునే పసివాణ్ణి). శంషాబాద్‌లో కిరాయి కార్లు నడిపే మా బావమరిది, ఫోనెత్తి జనంతో మాట్లాడి కార్లు పంపడానికి ఒక ఏఐ ఏజెంటును పెట్టుకున్నాడు. దానికి మూడు పనిముట్లు ఇచ్చాడు: ఒకటి కారు పంపేది, ఒకటి పంపిన కారును వెనక్కి పిలిచేది, ఇంకొకటి దిక్కు తోచకపోతే ఫోను తనకు కలిపేది. ఏది ఎందుకో, ఎప్పుడు వాడాలో, వాడేముందు ఏం అడగాలో ఎవరైనా నాలుగు మాటలు రాసిపెట్టాలి. పాపం, ఏజెంటు కారును కళ్లతో చూసి ఎరగదు. ఆ నాలుగు మాటలే దానికి కళ్లూ చెవులూ.

"బావగారూ, మన ఇళ్లలో పెళ్లి శుభలేఖలన్నీ మీరే రాస్తారు కదా, ఇదో లెక్కా" అన్నాడు. ఆ మాటతో నా కలం ఏనుగెక్కింది. కారు పంపే పనిముట్టుకు "అతిథికి ఏ కష్టము కలిగినను తక్షణమే ఆదుకొను పుష్పకవిమానము" అని రాశాను. వెనక్కి పిలిచేదానికి "గడపకు వచ్చిన రథమును మళ్లించుట మహాపాపము" అన్నాను. ఫోను కలిపేదాని దగ్గర, బావమరిది గొప్ప తెలియాలని, "మా యజమానికి క్షణము తీరిక ఉండదు" అని చేర్చాను. ఇక కారు పంపేముందు అడగవలసింది ఒక్కటే రాశాను: ప్రయాణికులు ఎందరు?

ఒక పొద్దున శంషాబాద్ దగ్గరి మంఖాల్ ఊరి నుంచి ఫోను వచ్చింది. ఒక రైతు కుటుంబంలోని నాయనమ్మ మొదటిసారి విమానమెక్కి కాశీకి వెళుతోంది; తోటి యాత్రికులు ఎయిర్‌పోర్టులో కలుస్తారు. ప్రయాణికులు ఎందరని ఏజెంటు అడిగితే మనవడు "ఒక్కరే" అన్నాడు. అబద్ధం కాదు, ఎగిరేది ఒక్కరే. కానీ ఒక్కరు ఎగిరితే వంశమంతా వెళ్లి సాగనంపడం మన దగ్గర అప్పుడే పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. ఏజెంటుకు తెలియదు. ఉన్నవాటిలో చిన్న కారును పంపింది.

బావమరిదీ నేనూ ఆఫీసులో టీ తాగుతూ, ఏ కారు ఎటు పోతోందో తెర మీద చూస్తున్నాం. ఒక కారు మంఖాల్ చేరింది. ఇంకొకటి బయల్దేరింది. ఆ వెనకే మరొకటి. బెల్లానికి చీమలు పోయినట్టు మా కార్లన్నీ అటే. "చూశావా, నా వచనం" అని నేను మీసం తడుముకుంటుండగా డ్రైవరు ఫోను చేశాడు. "అన్నా, సందు మొత్తం మన బండ్లే. అవ్వ ఎక్కిన బండి బయటికి రానీకి తొవ్వ లేదు. ఇంకొకటి పంపితే ఇగ మా మీదికెల్లే రావాలె."

గాభరాగా ఏజెంటు మాట్లాడుతున్న ఫోనును పైకి వినిపించేలా పెట్టాం. మనవడి గొంతు: "ఏంది తమ్మీ, మేమందరం గీ డబ్బీల పడ్తమా అంటే సందు నిండ బండ్లు తోల్తవా? మా నాయనమ్మ ఫ్లైటు పోతది, మస్తు పరేషాన్ ఉన్నం."

"మీ కష్టానికి చింతిస్తున్నాను. మరో కారు పంపుతున్నాను."

"వద్దంటే ఇనవేంది. పంపకు."

"మీకు మళ్లీ కష్టం కలిగింది. మరో కారు పంపుతున్నాను."

బావమరిది నా వైపు తిరిగాడు. "బావగారూ, మీరు రాసింది చదివితే నాకే కారెక్కాలనిపించింది. ఎప్పుడు ఎక్కకూడదో మాత్రం ఎక్కడా లేదు."

నాకు సిగ్గుకన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. అది చెప్పిన మాట వినకపోవడం లేదు. భయంకరంగా వింటోంది, అదీ నా మాట. పుష్పకవిమానాన్ని చెరిపేశాను. "ఇది ఒక కారును పంపుతుంది. విమానం ఎక్కేవాళ్లు ఎందరు, సాగనంపేవాళ్లు ఎందరు అని విడివిడిగా అడిగాకే వాడు. ఫిర్యాదు వస్తే దీన్ని వాడకు, ఫోను యజమానికి కలుపు." నా జీవితంలో ఒక్క అలంకారం లేకుండా రాసిన మొదటి వాక్యాలవి, చేతికి చలేసింది.

మరుక్షణం బావమరిది ఫోను మోగింది. మనవడు తిట్టిన తిట్లు తొండుపల్లి ఊరి దాకా వినిపించి ఉంటాయి. అవన్నీ మింగి బావమరిది, వచ్చిన కార్లలోనే అందరినీ ఎక్కించి, చివరి కారు నుంచి వరసగా వెనక్కి తీయించాడు. నాయనమ్మ మంత్రిగారిలా ముందూ వెనకా కార్లతో, గేటు మూసే వేళకు విమానం అందుకుంది. ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లేముందు మనవడి ఫోను లాక్కుని ఆమె మా బావమరిదితో అన్న మాట: "కాశీ సంగతేమో గని బిడ్డా, మంఖాల్ దాటుడే పెద్ద యాత్ర అయింది."

మొన్న విశాఖ వెళ్లడానికి నేనే ఆ నంబరుకు ఫోను చేశాను. "విమానం ఎక్కేవాళ్లు ఎందరండీ?" నా మాటలే, ఒక్క 'అండీ' మాత్రం దాని సొంతం. ఒకరన్నాను. "సాగనంపేవాళ్లు?"

గుమ్మం వైపు చూశాను. వంటింట్లోంచి మా ఆవిడ "తాళంచెవి పట్టుకెళ్లండి" అంది.

"ఎవరూ లేరు" అన్నాను. సరిగ్గా ఒక్క చిన్న కారు వచ్చింది. అందులో ఒక్కణ్ణీ కూర్చుని వెళుతుంటే, ఒక్క అవ్వ కోసం ఊరికి పట్టనన్ని కార్లు పంపించిన, జుట్టుకు రంగు వేసుకునే ఆ పసివాడు గుర్తొచ్చాడు. వాడి చేత మళ్లీ ఒక్కసారి రాయించుకుంటే బాగుండుననిపించింది.