తాగుబోతు కారులో పెళ్ళికూతురు

మా నాన్న పాత తెల్ల కారుకు ముసలితనంలో మందు అలవాటైంది. దాని తప్పేం లేదు. పెట్రోల్‌లో ఇప్పుడు చెరుకు నుంచి తీసిన ఇథనాల్ కలుపుతున్నారు కదా, మేం పోయించాం, అది తాగింది.

దసరాకు ట్యాంకు నింపి, పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, పెళ్ళిళ్ళ దాకా కదలనివ్వకపోవడం మా ఇంటి ఆనవాయితీ. శుభకార్యానికి బండి నిండు ట్యాంకుతో బయల్దేరాలి. నాన్న హయాంలో ఆ పెట్రోల్ చెక్కుచెదిరేది కాదు. ఈ కొత్త సరుకు అట్లా కాదు. నిలవుంటే గాలిలో తేమ పీల్చి అడుగున నీళ్ళు దింపుతుంది, పాత రబ్బరు పైపుల్ని నానబెడుతుంది. సంక్రాంతి దాటేసరికి, పైపుల్లోంచి కారిన చుక్కల కోసం కారు చుట్టూ చీమలు బారులు కట్టాయి. మౌలాలి గుట్ట దిగి వచ్చినవి కూడా ఉన్నాయని నా నమ్మకం. తిరుగుప్రయాణంలో ఒక్కటీ తిన్నగా నడవలేదు.

మాఘమాసంలో మా అక్క కూతురి పెళ్ళి. తాత కారులోనే వస్తానని పిల్ల పట్టు. మేనమామను కాబట్టి తోలేది నేనే, ఆనక పిల్లను బుట్టలో మండపానికి మోసేదీ నేనే. ముహూర్తం తప్పితే అక్క చేతిలో నా పని ఖతం.

లాలాగూడలో బాగానే బయల్దేరాం. బోయిగూడ దగ్గర కారు ఎక్కిళ్ళు పెట్టి, గట్టిగా తేన్చి, ఆగిపోయింది.

"ఏందిరా గిది?" అంది అక్క.

"జెర ఎక్కువైందక్కా. దిగనీ."

"అది దిగేలోపల ముహూర్తం దాటిపోతది! క్యాబ్ పిలువు!"

"నేను దిగ మామా," అంది పెళ్ళికూతురు, బాసికం సర్దుకుంటూ.

బానెట్ ఎత్తి చూస్తే పైపు జీడిపాకంలా సాగుతోంది. ఇంతలో వెనక గడగడమని చప్పుడు. మా బావ తన మజ్జిగ సీసా ట్యాంకులో ఒంపేస్తున్నాడు.

"అయ్యో బావా, ఏం చేస్తున్నవ్?"

"తాగినోడికి పొద్దుగాల గిదే కదా పోస్తరు!"

ఇక తోయడమే. బ్యాండువాళ్ళు బూరలు మెళ్ళో వేసుకుని తోశారు, ఆటోవాళ్ళు తోశారు. రోడ్డు మీద పడుకున్న దున్నపోతు సుత లేచి భుజం కలిపింది. అందరూ ఎంత ఊపు మీదున్నారంటే, ఫంక్షన్ హాల్ గేటు దగ్గర ఆగమన్నా ఆగలేదు. ఎర్ర తివాచీ మీదుగా తోసుకొచ్చి కారును మండపం మెట్లకు ఆనించారు.

పంతులుగారు వాచీ చూసుకున్నారు. "గడియ ఉంది. బుట్ట ఏదీ?"

బావ నా మొహం చూశాడు, నేను బావ మొహం చూశాను. బుట్ట ఇంట్లోనే ఉండిపోయింది. అక్క కొంగు బిగిస్తోంది.

నేను కారు తలుపు తట్టాను. "ఇదే స్వామీ. కొంచెం పెద్ద సైజు."

ఆయన కారును ముందు నుంచి వెనక దాకా పరికించారు. "ఇంజన్‌తో వచ్చిందా, మోసుకొచ్చారా?"

"బోయిగూడ నుంచి మా చేతుల మీదే."

"అయితే బుట్టే. అమ్మాయిని దింపండి."

తలుపు తీయగానే కారు మళ్ళీ ఒకసారి తేన్చింది. పంతులుగారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని మంత్రం అందుకున్నారు.