తాళం గుర్తు వెనకాల ముహూర్తం

ఆళ్లగడ్డలోని ఒక శిల్పశాల ఆఫీసులో పనిచేసే సుష్మను అబద్ధాలకోరని ముద్ర వేసి ఉద్యోగంలోంచి తీసేశారు. సంజాయిషీ అడగలేదు. విచారణ జరపలేదు. నంద్యాలలోని ప్రధాన కార్యాలయం నుంచి మేనేజరు విజయభాస్కర్ ఫోన్ చేసి, సాయంత్రానికల్లా బీగాలు అప్పగించి వెళ్లమన్నాడు.

అభియోగం ఇది: ప్యాపిలి దగ్గరి ఊరికి వెళ్లవలసిన వీరభద్రుడి విగ్రహానికి పెట్టిన ముహూర్తాన్ని ఆమె కంప్యూటర్ క్యాలెండర్‌లో ఎక్కించలేదు, ఎక్కించానని బొంకింది. రెండు ఆఫీసులూ మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా పంచుకున్న క్యాలెండర్ అది. ఆళ్లగడ్డలో ఎక్కించినదాన్ని నంద్యాలలో చూసి లారీ పంపుతారు. ముహూర్తం రోజు లారీ రాలేదు. విగ్రహం కదల్లేదు. పూర్ణకుంభాలతో ఎదురుచూసిన ఊరివాళ్లకు విజయభాస్కర్ చెప్పిన సమాధానం ఒక్కటే: ఆ పిల్ల అబద్ధమాడింది.

సుష్మ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. సంచి సర్దుకోకముందే కంప్యూటర్ తెరిచింది. వీరభద్రుడు ఆమె ఎక్కించిన తేదీలోనే ఉన్నాడు. నంద్యాలలో లారీలు పంపే అభిషేక్‌కు ఫోన్ కలిపింది.

"ఏమప్పా, నీకాడ ఏం కనపడతాండాది?"

"ఆ తేదీ బోడిగా ఉండాదక్కా. ఏమీ లేదు."

నెట్ బాగానే ఉంది. క్యాలెండర్ తీసేసి మళ్లీ కలుపుకొమ్మంది. అయినా అంతే. అప్పుడామె లేనిదాన్ని వదిలేసి, ఉన్నవాటిని చదివించింది. క్వారీ నుంచి రాయి వచ్చే రోజు ఉంది. పనివాళ్ల సెలవులున్నాయి. ముహూర్తాలు మాత్రం ఒక్కటీ లేవు.

ఆమె చూపు ముహూర్తాల పక్కనున్న చిన్న తాళం గుర్తు మీద ఆగింది. విగ్రహానికి కన్ను తెరిచే ఘడియ ముందుగా పదిమంది కళ్లలో పడకూడదన్నది ఆ శిల్పశాల కట్టడి. పెద్ద శిల్పి రంగయ్య అడిగితే, విజయభాస్కర్ సరేనన్నాకే, ఆమె వాటికి ఆ తాళం వేసి 'ప్రైవేటు' చేసింది. వెంటనే రెండు ఉత్తుత్తి నమోదులు ఎక్కించింది: తాళం లేకుండా 'టీ', తాళంతో 'దేవుడు'.

"ఇప్పుడు చూడు."

"టీ కనపడతాండాదక్కా. దేవుడు కనపడ్లేదు."

"దేవుడు అంత సులువుగా యాడ కనపడతాడప్పా!"

ఆ నవ్వు విని ఉలి నూరుకుంటున్న రంగయ్య లేచొచ్చాడు. సంగతి తెలిసి ముఖం చిన్నబోయింది. "పెట్టమన్నది నేనే గదా పాపా. నా మీదికి తోసెయ్."

"నొక్కింది నా ఏలే గదా తాతా. అది గూడా రాస్తా."

రాసింది. తాళం ఎవరు అడిగారో, ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు నొక్కారో, ఏదీ దాచకుండా మేనేజరుకు మెయిల్ పెట్టింది. తాళం మాత్రం తీయలేదు. తీస్తే కట్టడి తప్పుతుంది. తాళం వేసినవి చూసే అనుమతి అభిషేక్ ఒక్కడికే ఇచ్చింది.

"వచ్చినారక్కా! వీరబద్రుడు, డోన్ అమ్మవారు, అందరూ వచ్చినారు!"

తీసేసిన మనిషి ఆ పని చేసి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. డోన్ జనం కూడా అలా ఎదురుచూస్తూ వీధిలో నిలబడకూడదని ఆమె చేసింది.

మెయిల్ చూసిన విజయభాస్కర్ ఫోన్ చేశాడు. "అయిపోయిన దాన్ని ఎందుకు తవ్వుతాండావమ్మా?"

"ఉద్యోగం సంగతి తర్వాత సార్. అబద్ధం చెప్పినానన్న మాట ముందు తీసేయండి."

అతను ఫోన్ పెట్టేశాడు.

డోన్ అమ్మవారి ముహూర్తం రోజున లారీ వేళకే వచ్చింది. సుష్మ రోడ్డు మీద నిలబడి చూసింది. లోపలికి రమ్మన్నవారు లేరు. రంగయ్య ఉలి సంచితో లారీ ఎక్కుతూ అరిచాడు: "నువ్వు పిలిపించిన బండే పాపా ఇది!"

శిల్పశాల యాజమాన్యానికి: ఆమె మెయిల్ మీ దగ్గరుంది. ఆమె సరిచేసిన క్యాలెండర్ మీదే మీ లారీలు నడుస్తున్నాయి. తొలగింపును రద్దు చేయండి. ఆమె అబద్ధమాడలేదని, తాళానికి సరేనన్నది మీ మేనేజరేనని రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఆ రాతను వీరభద్రుడి కోసం ఎదురుచూసిన ఊరికి తీసుకెళ్లి, ఆ జనం ముందే, విజయభాస్కర్ నోటితోనే చదివించండి.