మా కారు రెక్క, మా తమ్ముడి మీసం

మొన్న మదనపల్లె బైపాసులో మా ఆటోను దాటుకుంటూ ఒక ఎర్ర కారు రివ్వున పోయింది. దాని డిక్కీ మీద నల్లటి రెక్క చూడగానే నాకు నవ్వు ఆగలేదు. ఆటో అబ్బాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

తొంభైల చివర్లో, పట్టుగూళ్ల వ్యాపారం చేసే మా ఆయన బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొన్నారు. టీవీలో కార్ల రేసు చూసి, వెనక రెక్క ఉంటే ఎంత వేగంలోనూ గాలి కారును నేలకు అదిమిపెడుతుందని ఎవరో చెప్పగా విని, రేకుల పనాయన దగ్గర కూర్చుని మంచం పట్టెంత రెక్క చేయించి బిగించారు. ఆయనకు తెలిసింది విమానం రెక్కే కనుక ఉబ్బు పైకి, ముందు అంచు ఎత్తుగా పెట్టించారు. కారుకైతే దాన్ని బోర్లా తిప్పాలని ఆయనకూ తెలియదు, రేకులాయనకూ తెలియదు. నాకైతే దాని మీద వడియాలు ఎండబెట్టుకోవచ్చని మాత్రం తెలుసు.

పుంగనూరులో జీపు నడుపుకునే మా తమ్ముడు దాన్ని చూసి పడీపడీ నవ్వాడు. బావాబావమరుదుల వేళాకోళం ముదిరి పందెం దాకా పోయింది. కుప్పంలో మా పిన్నమ్మ గృహప్రవేశానికి పుంగనూరు నుంచి ఇద్దరూ ఒకేసారి బయలుదేరాలి, వెనకబడినవాళ్లు చుట్టాలందరూ చూస్తుండగా మీసం తీయించుకోవాలి. మా ఆయనకు మీసమంటే ప్రాణం, పొద్దున్నే నూనె రాసి దువ్వందే కాఫీ ముట్టేవారు కాదు.

పలమనేరు దాటి రోడ్డు ఖాళీగా దొరకగానే ఆయన తొక్కడం మొదలుపెట్టారు. అంతే, కారు వెనక భాగం తేలిపోయి అటూ ఇటూ జారసాగింది. నేను దేవుళ్లందరికీ మొక్కేశాను. ఆయన కారు ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "ఎనక్కి పోయి కూసోమే, బరువుంటాది" అన్నారు. ఒళ్లు మండిపోయింది! అయినా ఆయన మీసం మీద జాలితో వెనక సీటు నడిమధ్యన కూర్చున్నాను. కారు బుద్ధిగా నడిచింది. రెక్క పైకి లాగుతుంటే నేను కిందికి నొక్కుతూ, జీపు కంటే ముందే కుప్పం చేరాం.

మా తమ్ముడు జీపు దిగుతూనే పౌరుషంగా ఎదురు సందులోని సెలూన్‌కేసి నడిచాడు. మా అమ్మ గుండెలు బాదుకుంటూ వెంటపడింది. "తండ్రి బతికుండంగా మీసం తీస్తారంట్రా ఎవురన్నా?" మా వైపు కొడుకు మీసం తీయించేది తండ్రి పోయినప్పుడే. పందెం కాసేటప్పుడు ఆ ఊసే ఇద్దరికీ తట్టలేదు. మా నాయనేమో పందిట్లో నిక్షేపంగా బొబ్బట్లు తింటూ ఉన్నాడు. ఆడిన మాట తప్పనని తమ్ముడు, పోనివ్వనని అమ్మ.

అప్పుడు మా ఆయన లేచి, "మా నాయన ఎప్పుడో పాయ గదత్తా, నాది తీస్తే ఎవురికీ ఏం గాదు" అంటూ, గెలిచిన మనిషి తానే పోయి సెలూన్ కుర్చీలో కూర్చున్నారు. బోసి మూతితో తిరిగొచ్చిన ఆయన్ను చూసి చుట్టాలంతా విరగబడి నవ్వారు, నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

చాలా ఏళ్లకు మా నాయన పోయినప్పుడు, మీసం తీయించుకొచ్చిన తమ్ముడు బావ పక్కన కూర్చుని, "ఇప్పుడు నీ పందెం తీరిపాయ బావా" అన్నాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు.

ఇప్పుడు మా ఇళ్లలో కుర్రాళ్లు బుద్ధి పుట్టినప్పుడల్లా మీసం తీస్తారు, పెంచుతారు, తండ్రి ఉన్నాడా లేడా అని ఎవరూ అడగరు. మంచిదే అనుకోండి. కానీ మామ నూరేళ్లు బతకాలని తన మీసం ఇచ్చేసిన మనిషితో కాపురం చేశాను నేను.