గంజితో అంటించిన పేజీ

ఫొటోలు అంటించి స్క్రాప్‌బుక్ చేద్దామనుకున్నప్పుడల్లా నేను చేసే మొదటి పని కడప బస్సెక్కడం. మెరుపు కాగితాలు, స్టిక్కర్లు, జిగురు సీసాలు తెచ్చి అటక నింపడంలో నాకు మంచి అనుభవం ఉంది. పక్కింట్లో చీరలు నేసే అవ్వ నా చేతిసంచి చూడగానే, "యాడికి పోతాండావప్పా? ఇంట్లో ఏముండాదో సూసినావా?" అనేది.

ఒకసారి అవ్వ మా పాప ఫొటో అడిగి తీసుకుని, పాత పెళ్లికార్డు మీద నూలుకు పట్టించే గంజితోనే అంటించింది. చుట్టూ చీర అంచు ముక్కలు పెట్టి, నా పుస్తకానికి పేజీగా ఇచ్చింది. "గంజికి పురుగు పడుతుందవ్వా" అని ఆమెకు పాఠం కూడా చెప్పాను.

కిందటేడు అవ్వ పోయింది. నిన్న ఆమె ఫొటో అంటిద్దామని కూర్చుంటే, నా జిగురు సీసాలన్నీ రాళ్లయి ఉన్నాయి. ఆమె చేసిన పేజీ మాత్రం ఒక్క మూల కూడా లేవలేదు. కొత్త జిగురు కోసం సంచి పట్టుకుని గడప దాటాను. యాడికని ఎవరూ అడగలేదు.

వెనక్కి వచ్చి పొయ్యి మీద గంజి పెట్టాను.