తెర మీది పైపులు

మొన్న పుంగనూరులో బస్సు దిగి జిరాక్స్ తీయించుకుందామని ఒక అంగట్లోకి పోయాను. మిషను దగ్గరి అమ్మాయి ఫోను మోగితే బయటికి పోయింది. మూలనున్న పాత కంప్యూటరును కాసేపు ఎవరూ ముట్టకపోయేసరికి తెర నల్లబడి, పాతకాలపు స్క్రీన్‌సేవరు వచ్చి, దాని మీద రంగురంగుల పైపులు పాకడం మొదలుపెట్టాయి. ఆకుపచ్చది పైకి పోయి పక్కకు తిరిగింది, ఎర్రది దాని కిందుగా దూరింది. నేను స్టూలు మీద కూలబడ్డాను. ఆ అమ్మాయి తిరిగొచ్చి మౌసు మీద చెయ్యి వేయబోతే "ముట్టొద్దమ్మా!" అని అరిచేశాను. పాపం, దడుచుకుంది.

ఆ మాట నాది కాదు, మా చిన్నాయనది. ఒకప్పుడు మదనపల్లెలో నాకు డీటీపీ షాపు ఉండేది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు కంపోజు చేసేదాన్ని. నాన్న తమ్ముడు నిమ్మనపల్లె దగ్గర సేద్యం చేసేవాడు. టమోటాలు మార్కెట్లో దించి, తిరుగు బస్సు దాకా నా షాపులో కూర్చునేవాడు. నేను పని ఆపితే చాలు, తెర మీదికి ఆ పైపులు వచ్చేవి. బోర్లు ఎండే సీమ మనిషికి అంతకంటే ముచ్చటైన సినిమా ఏముంటుంది? "అబ్బ, ఆ బెండు ఎంత నున్నగా తిప్పినాడో సూడు! మా ఊళ్లో ఫిట్టరు ఉండాడు, ఎందుకూ, జాయింటు జాయింటుకూ కారతాది" అనేవాడు. నేను మరిచిపోయి మౌసు కదిపితే అంతా మాయం. "అయ్యో, యాల ముట్టినావమ్మా? వాళ్ల కష్టమంతా పాయె గదా!" అని నిజంగానే నొచ్చుకునేవాడు. ఆ వాళ్లెవరో నేనెప్పుడూ అడగలేదు.

ఒక ఎండాకాలం ఆయనకున్న ఒక్క బోరూ ఎండిపోయింది. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీటి జాడ చెప్పే పెద్దమనిషి చేనంతా తిరిగి, ఒక మూల టెంకాయ నిలువుగా లేచిందని అక్కడ రాయి పాతించాడు. మర్నాడు బోరుబండి వస్తుంది. అక్కడా నీళ్లు పడకపోతే సేద్యం వదిలేసి బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోవడమే. ఆ మధ్యాహ్నం చిన్నాయన షాపుకొచ్చి మెల్లగా అన్నాడు: "అమ్మా, ఈ పొద్దు తెర నిండేదాకా ముట్టగాకు. నిండితే రేపు నీళ్లు పడతాయని మనసులో అనుకొని ఉండాను." శకునం చూడటానికి బల్లులూ కాకులూ కరువయ్యాయా అని నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆ నవ్వు మింగేశాను.

పైపులు సగం పడ్డాయో లేదో, కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమని మొత్తుకుంది. ముసలి యూపీఎస్, ఎంతోసేపు ఆగదు. ఆలోగా చేసిన పని సేవ్ చేసుకోవాలి. పొద్దుటినుంచీ కంపోజు చేసిన పెళ్లిపత్రిక దాంట్లోనే ఉంది. నా చెయ్యి మౌసు దాకా పోయింది. చిన్నాయన భుజం మీది తువ్వాలు రెండు చేతులా పట్టుకొని తెరనే చూస్తున్నాడు. నేను చెయ్యి తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను. తెర నిండింది. ఆ వెంటనే ఆరిపోయింది. పత్రిక గంగలో కలిసింది. "నిండింది గదమ్మా!" అని చిన్నాయన చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మర్నాడు బోరులోంచి తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

వారం తర్వాత గుడ్డసంచితో బెంగళూరు బస్సుకు పోతూ మళ్లీ వచ్చాడు. పైపులను తిడతాడేమో అనుకున్నాను. "తెర చేసే పని తెర చేసిందమ్మా. మన నేలలోనే లేకపాయె. బస్సొచ్చేదాకా ఇంకోసారి రానీ, సూస్తాను" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కుర్చీ జరుపుకొని ఆయన పక్కనే కూర్చున్నాను. పత్రికల కోసం వచ్చినవాళ్లను రేపు రమ్మని పంపించేశాను.

"ముట్టేదా అమ్మా, పనుండాది" అంటోంది పుంగనూరు అమ్మాయి. ముట్టమన్నాను. నా షాపులో ఎన్ని పెళ్లిపత్రికలు చేశానో, ఒక్క జంట పేరూ గుర్తులేదు. చిన్నాయన పక్కన మౌసు ముట్టకుండా ఊరికే కూర్చున్న ఆ పొద్దు మాత్రం నాకు ఇంకా గడవలేదు.